ఎర్ర గుడ్డ వెనక కుర్చీ

సెర్రో పెహుయెన్ కొండ మీద పనిచేసేవాళ్లెవరూ చీకటి పడ్డాక పాత లిఫ్టు కింద నుంచి నడవరు. దిగడానికి అదే దగ్గరి దారి... అయినా నడవరు. చుట్టూ తిరిగైనా రోడ్డు మీదే పోతారు.

మనుషుల్ని తీగకి వేలాడే కుర్చీల్లో కొండ పైకి చేర్చే లిఫ్టు అది, ఆగిపోయి చాలా ఏళ్లయింది. తీగకి కుర్చీలు మాత్రం ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. గాలి లేని రోజున కూడా వాటిల్లో ఒకటి కిర్రుమంటుందట — ఎవరో అటు నుంచి ఇటు సర్దుకుని కూర్చున్నట్టు.

జరిగిందేమిటంటే — సాయంత్రం లిఫ్టు ఆపే ముందు, కింద ఉన్న మనిషి ఆఖరి కుర్చీకి ఎర్ర గుడ్డ కట్టి పంపేవాడు. గుడ్డ పైకి చేరిందంటే ఇక వెనక ఎవరూ లేరని గుర్తు. పైనున్నవాడు లిఫ్టు ఆపేసి ఇంటికి పోయేవాడు. ఒక రోజు అనీబల్ అనే అతను గుడ్డ కట్టి, గదికి తాళం వేద్దామని ఇటు తిరిగాడు. అప్పుడే ఒక పిల్ల ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చి, గుడ్డ వెనక కుర్చీలో కూర్చుంది. పరాగ్వే దేశపు పిల్ల. పైన వంటింట్లో ఆ శీతాకాలానికని పని దొరికింది, మొదటి రోజే ఆలస్యమైంది.

పైవాడు గుడ్డ చూశాడు. లిఫ్టు ఆపాడు.

తెల్లారి మళ్లీ నడిపినప్పుడు గానీ ఆమె పైకి చేరలేదు.

ఆ పిల్ల పేరు కూడా ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. అనీబల్ మళ్లీ లిఫ్టు ముట్టుకోలేదు. పనివాళ్లని కింది ఊరికి దించే వ్యాను నడుపుతున్నాడు. అప్పటినుంచి ఆ కొండ మీద ఏ తలుపు మూసినా “వెనక ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతారు. ఆ మాటకి వెనక్కి తిరిగి చూడకుండా ఎవరూ జవాబు చెప్పరు.

నూబియాకి ఇదంతా తెలియదు. ఆమెది కొలంబియా. ఏడేళ్ల కొడుకు ఇస్మాయెల్‌ని వెంటబెట్టుకుని, ఎక్కడ పని దొరికితే అక్కడ ఆగుతూ, దేశం మీద దేశం దాటుతూ వచ్చింది. పండ్ల తోటల్లో కోతలైపోయాయి. మంచు కొండల మీద శీతాకాలమంతా పని ఉంటుంది, పడుకోవడానికి మంచం కూడా ఇస్తారు అని ఎవరో చెప్పారు. ఆ మంచం మాటకే వచ్చింది.

పొద్దుటినుంచి తలుపు తలుపూ తట్టింది. మంచు మీద జారే స్కీలు అద్దెకిచ్చే దుకాణంలో అతను అడిగాడు, “మంచు ఎప్పుడైనా చూశావా?”

“ఇవాళే చూస్తున్నా.”

“బాగా చూసుకో అయితే. ఈ ఏడాది ఇంతే పడింది. ఉన్నవాళ్లనే పంపించేస్తున్నాం.”

ఒక హోటల్లో, “పిల్లాడూ పని చేస్తాడా?” అని నవ్వారు. ఇంకోచోట పిల్లాణ్ని చూసి తలుపే తీయలేదు. మధ్యాహ్నానికి ఆమెకి అర్థమైంది — ప్రతి తలుపూ ముందు వాణ్ని చూస్తోంది, తరవాతే తనని.

అందుకని కిందికి దిగి, రోడ్డు పక్కనున్న పాత లిఫ్టు గదిలో వాణ్ని కూర్చోబెట్టింది. తన శాలువా కప్పింది. చెవులు మూసేలా టోపీ లాగింది. బూట్ల తాళ్లు విప్పి, మళ్లీ గట్టిగా కట్టింది.

“కదలకు. ఎవరు పిలిచినా పోకు. దీపాలు వెలిగేలోపు వచ్చేస్తా.”

“నిజంగా?”

“నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?”

కొండ మీద పెద్ద హోటల్ వంటింటికి నోర్మా పెద్ద. మాతే ఆకుల కషాయం తాగుతూ నూబియా చేతులు చూసింది.

“గిన్నెలు తోముతావా? నిన్నటి పిల్ల చెప్పకుండా పోయింది. మంచం ఉంది, తిండి ఉంది. కానీ పిల్లా, ముందే చెప్తున్నా, ఆ గదుల్లో ఒంటరివాళ్లకే చోటు. వెనక ఎవరైనా ఉన్నారా?”

“లేరు,” అంది నూబియా.

నోర్మా మాతే పక్కన పెట్టింది. “తిరిగి చూసి చెప్పాలమ్మాయ్, ఇక్కడ అలా చెప్పం.”

నూబియా తిరిగి చూడలేదు. “ఎవరూ లేరు.”

“సరే, ఏప్రన్ కట్టుకో. ఇప్పుడే మొదలెట్టు.”

ఇప్పుడే... కాదంటే పని పోతుంది. ఈ పెనం ఒక్కటీ, అనుకుంది. తరవాత ఆ పళ్లేలు. తరవాత అడుగంటిన పెద్ద గిన్నె. తలెత్తి చూస్తే కిటికీ అవతల దీపాలు ఎప్పుడు వెలిగాయో, వెలిగే ఉన్నాయి.

వెనక తలుపులోంచి పరుగెత్తింది. ఏప్రన్ విప్పనైనా లేదు. దగ్గరి దారిన పడింది — పాత లిఫ్టు కింద నుంచి.

చీలమండ లోతు మంచు. ఒక్క ఆకు కదలడం లేదు. పైన మాత్రం... కిర్రు. ఆగింది. రెండడుగులు వేసింది. మళ్లీ — కిర్రు. తన నెత్తి మీదే.

చూడకుండా గదిలోకి దూకింది.

గది ఖాళీ.

శాలువా నేల మీద ఉంది. వాడు లేడు.

“ఇస్మాయెల్...” గోడలు తడిమింది. మూలలు తడిమింది. అంతా చల్లని ఇనుము.

అప్పుడు పైనుంచి — ఆడగొంతు. మెల్లగా, అలిసిపోయి, చాలాసేపటినుంచి అదే మాట అడుగుతున్నట్టు —

“వెనక ఎవరైనా ఉన్నారా?”

నూబియా నేల మీది శాలువా అందుకుంది.

“ఉన్నాడు,” అంది. “ఉన్నాడు... నా కొడుకున్నాడు. అబద్ధమాడాను. ఉన్నాడు.”

వెనక చిన్న దగ్గు.

తిరిగి చూసింది. గుమ్మంలో ఇస్మాయెల్. పెదాలు వణుకుతున్నాయి. మెడ చుట్టూ, ఎవరో శ్రద్ధగా రెండు చుట్లు తిప్పి కట్టిన పాత గుడ్డ. రంగు వెలిసిన ఎరుపు.

“కదలొద్దన్నానుగా!”

“చలేసింది. అక్క పక్కన కూర్చోమంది.” మళ్లీ దగ్గి అన్నాడు, “దీపాలు వెలిగి చాలాసేపైందమ్మా.”

రోడ్డు మీద వెలుతురు పడింది. పనివాళ్ల వ్యాను. నోర్మా ఇంటికి పోతోంది. ముందు సీట్లోంచి ఏప్రన్ గుర్తుపట్టి ఆపించింది. ఏప్రన్‌ని చూసింది, తరవాత పిల్లాణ్ని.

“వీడెవరు?”

“నా కొడుకు.” నూబియా ఏప్రన్ విప్పి, మడత పెట్టి, కిటికీలోంచి ఇచ్చింది.

నోర్మా ఏప్రన్ ఒళ్లో పెట్టుకుంది. “మంచి చేతులు నీవి,” అంది చివరికి. “నేనేం చెయ్యను? గదిలో పిల్లాణ్ని చూస్తే నన్నే పంపేస్తారు. ఎక్కు, కింది ఊళ్లో దిగుదువుగాని. అక్కడా పని లేదు, ఆశ పెట్టుకోకు.”

వ్యాను వెనకంతా ఖాళీ. తలుపు తీసిపెట్టిన ముసలి డ్రైవరు అలవాటుగా అడిగాడు, “ఎంతమంది?”

“ఇద్దరం,” అంది నూబియా. ఈసారి వెనక్కి తిరిగి చూసే అంది.

“ముగ్గురం,” అన్నాడు ఇస్మాయెల్.

డ్రైవరు నవ్వలేదు. వ్యాను దీపం వెలుతుర్లో పిల్లాడి మెడ కేసి చూశాడు. ఆ గుడ్డ అంచు మీద అతని చూపు ఆగిపోయింది.

“తలుపు వెయ్యి అనీబల్, చలి కొడుతోంది,” అంది నోర్మా.

అతను వెయ్యలేదు. పట్టుకుని అలాగే నిలబడ్డాడు — ఎవరో ఆయాసపడుతూ పరుగెత్తుకొస్తుంటే ఆగినట్టు. మంచు మీద ఏ చప్పుడూ లేదు. కొంతసేపటికి వ్యాను ఒక్కసారి, కొంచెంగా, కుంగింది.

అప్పుడు మెల్లగా తలుపు వేశాడు.

వ్యాను కదిలింది. ఇస్మాయెల్ అమ్మ ఒళ్లోకి జరిగి, పక్క సీటు ఖాళీ చేశాడు. ఊరి దీపాలు కనబడుతుండగా ఆ సీటు వైపు వంగి, ఎవరికో గుసగుసగా చెప్పాడు:

“అక్కా... కింద కూడా పని లేదంట.”