మోసేది సైకిలే గదా

గురువారం పొద్దున సీతారాములు చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుంటూ, సైకిలు కోసం జీతంలో కోత పెట్టించుకోవాలా వద్దా అని ఇంటిల్లిపాదికీ వినపడేలా ఆలోచిస్తున్నాడు. ఇంటిల్లిపాది అంటే ఇంకా ఇద్దరే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న భార్య లీలమ్మ, అరుగు మీద రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్న తల్లి బిక్షమ్మ. పేరులో సీతమ్మనూ రాముణ్నీ ఇద్దర్నీ పెట్టుకున్న మనిషి తొవ్వలో మాత్రం ఒక్కడే నడుస్తాడని వాళ్ల ఊరు పానగల్ అంతా నవ్వుకునేది.

దానికో కారణం ఉంది. అతను నల్లగొండలో చేనేత సంఘంలో కాంటా దగ్గర పనిచేస్తాడు. నేతగాళ్లు తెచ్చిన బట్ట తూచుకుని, వాళ్లు పట్టుకుపోయే నూలు తూచి ఇవ్వాలి. లీలమ్మ కూడా ఆ సంఘంలో సభ్యురాలే. వారానికోసారి నేసిన తువ్వాళ్లు అప్పజెప్పి, నూలు మూట నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ల పైచిలుకు నడిచి వస్తుంది. కొత్తలో ఎవరో, మంచి నూలంతా కాంటా మనిషి ఇంటికే పోతుందట అన్నారు. ఆ రోజు నుంచి తూకం వేసేటప్పుడు తప్ప సీతారాములు ఆమె మూట ముట్టలేదు. ఒకే దారిన పోయినా నూరు గజాలు ముందు నడిచేవాడు. నేసేది నూలు బట్టే గానీ ఆ ఇంట్లో పట్టుకు మాత్రం కొదవ లేదు.

సంఘం వాళ్లు నోటీసు పెట్టి వారమైంది. సైకిలు ముందే ఇస్తారు. రెండేళ్ల పాటు నెలకు ఇరవై అయిదు రూపాయలు జీతం చేతికి రాకముందే పట్టుకుంటారు. ఆ రెండేళ్లూ పొదుపు నిధికి కట్టేది ఆగిపోతుంది, దానికి సంఘం కలిపే వాటా కూడా రాదు. కావాలన్నవాళ్లు ఇవాళ సాయంత్రం అయిదులోపు సంతకం పెట్టాలి.

పోయిన ఏడు, ఎనభై ఎనిమిదిలోనూ ఇదే నోటీసు వచ్చింది. అప్పుడు లీలమ్మ ఒక్కసారి అడిగింది. మూటను సైకిలు మీద పెడితే నువ్వు మోసినట్టు కాదు, మోసేది సైకిలే గదా అంది. సీతారాములు ఆ తెలివికి మురిసిపోయి సంఘంలో పదిమందికి చెప్పి నవ్వించాడు. సంతకం మాత్రం పెట్టలేదు. నా కాళ్లకు పంచరు పడదని గుమాస్తా నూరుద్దీన్‌తో అంటే మళ్లీ అందరూ నవ్వారు.

అప్పటికి లీలమ్మ కడుపుతో ఉంది. పెళ్లయిన పన్నెండేళ్లకు నిలిచిన కడుపు. అయిదో నెలలో పోయింది. బాయి కాడ జారి పడ్డానని చెప్పింది. ఇక మీదట నిలవదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. సీతారాములు మూడు రోజులు నోరు మూసుకున్నాడు. నాలుగో రోజు మళ్లీ తెరిచాడు, ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక.

ఇప్పుడతను వేళ్లు మడుస్తూ లెక్కలు చెబుతున్నాడు. సైకిలుంటే ఏడాదికి రెండు జతల చెప్పులు మిగులుతాయి, కానీ రెండు ట్యూబులు పోతాయి. పొద్దున అరగంట కలిసొస్తుంది, ఆ అరగంటా దాన్ని తుడవడానికే సరిపోతుంది.

"జీతంలకెల్లి గంత కోస్తె చేతికొచ్చేది జీతం గాదు, గీతం. కూసొని పాడుకోవాలె," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మగ్గం వైపు తిరిగి, "నువ్వేమంటవ్ లీలా?" అని అడిగాడు.

లీలమ్మ పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపింది. "పోయినేడు అడిగిన. ఇప్పుడు అడుగుత లేను."

"గదే నేననేది. ఎనక కూసోనీకి మనింట్ల ఎవరున్నరు? క్యారియరు ఖాళీగ పోవుడు, ఖాళీగ వచ్చుడు."

మాట నోరు దాటాక గానీ అది ఎక్కడ తగిలిందో అతనికి తెలియలేదు. లీలమ్మ గుంటలోంచి లేచి, మడత పెట్టిన తువ్వాళ్లు మూట కట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా పెరట్లోకి పోయింది. అరుగు మీద రాట్నం ఆగిపోయింది.

"బాయి కాడ జారిందనుకుంటున్నవా కొడుకా?" అంది బిక్షమ్మ. గొంతు పెంచలేదు.

సీతారాములు చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ఆ గురువారం నూలు మూట నెత్తిన పెట్టుకొని వస్తాంటె తొవ్వల రక్తం మొదలైంది. ఆడ్నే దించుమంటె దించలేదంట, తన మూటతోని ఎనక వచ్చే నిర్మలమ్మ చెప్పింది. కింద పెడితె నూలు మట్టయితదట. కాంటా ఆయన పెండ్లామే నూలు ఖరాబు చేసిందంటరని, నీ పేరు పోతదని, ఇంటి దనుక మోసుకొచ్చింది. నీకు చెప్పద్దని నాతోని ఒట్టేయించుకుంది. ఇగ నాతోని గాదు."

అతను చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి బయటికి నడిచాడు.

సంఘంలో నూరుద్దీన్ సంతకం కాగితం ముందు పెట్టి, ఈసారి కూడా పంచరు మాటేనా అన్నా అని అడిగాడు. సీతారాములు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కాంటా దగ్గరికి పోయాడు. ఆ గురువారం కూడా ఇక్కడే నిలబడ్డాడు. పన్నెండు కిలోల నూలు. కాంటా ముల్లు కాస్త అటు మొగ్గితే, పెండ్లానికి ఎక్కువ పెట్టాడంటారని ఒక నూలు చిలప తీసి పక్కన పెట్టాడు. పన్నెండు అని గట్టిగా అరిచాడు. ఆమె మొహం వైపు చూశాడా? ఎంత తలుచుకున్నా ముల్లే గుర్తొస్తోంది, మొహం గుర్తు రావడం లేదు.

మధ్యాహ్నం దాటాక లీలమ్మ వంతు వచ్చింది. తువ్వాళ్లు తూచాడు, నూలు తూచాడు. పదకొండు అన్నాడు గానీ అది పక్కవాళ్లకే వినపడలేదు. నూరుద్దీన్ ఎంత అని రెండోసారి అడగాల్సి వచ్చింది. అప్పుడు సీతారాములు జేబులోంచి కాగితం తీసి, వరసలో ఉన్నవాళ్లంతా చూస్తుండగా ఆమె ముందు పెట్టాడు.

"పెట్టాల్నా?"

లీలమ్మ కాగితం చూడలేదు, అతన్ని చూసింది. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. అత్త చెప్పేసిందని ఆమెకు అర్థమైంది.

"ఎవరి కోసం?" అంది.

"నీ కోసం. ఏడాది ఆలిశమైంది."

ఆమె నూలు మూట ముడి బిగించింది.

"పెట్టు," అంది చివరికి. "పోయింది రాదు. నా మెడన్న మిగుల్తది."

అతను సంతకం పెట్టాడు. సైకిలు రావడానికి నెల పడుతుందని నూరుద్దీన్ చెప్పాడు. మిగిలిన పూటకు సెలవు అడిగి, సీతారాములు కాంటా వదిలి వచ్చి, ఆమె మూట ఎత్తి తన నెత్తిన పెట్టుకున్నాడు. కాంటా మనిషి మూట మోస్తున్నాడేమిటని వరసలో ఎవరో గొణిగారు.

"నా పెండ్లాం మూట," అన్నాడు సీతారాములు. "తూకం అందరు చూసిండ్రు."

దారిలో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. అలవాటు లేక లీలమ్మ రెండుసార్లు వెనకబడింది, రెండుసార్లూ అతను ఆగాడు. నల్లగొండ ఇళ్లు దాటి, వరి మళ్ల పక్కన, రోడ్డు కింద కాలువ పారే మోరీ దగ్గరికి వచ్చేసరికి ఆమె తనే ఆగిపోయింది.

"గీడనే," అంది.

అతను మోరీ గోడ వైపు, దాని పక్కన మామూలుగా ఉన్న మట్టి వైపు చూశాడు. ఏడాదిగా రోజుకు రెండుసార్లు దాటిపోయిన జాగా. మూట దించి మోరీ మీద పెట్టి, పక్కనే కూలబడ్డాడు. లీలమ్మ కాసేపు నిలబడి, తర్వాత వచ్చి కూర్చుంది. రోడ్డు మీద ఒక బస్సు పోయింది, దుమ్ము లేచి మళ్లీ కిందికి దిగింది.

"ఏం పిల్ల?" అని అడిగాడు. ఏడాదిలో ఆ మాట అడగడం అదే మొదలు.

"ఆడపిల్ల."

"చూసినవా?"

"అత్త చూపిచ్చింది. చెవులు నీయే."

అతను తలవంచుకుని ఏడ్చాడు. నోరున్న మనిషి ఏడుపు ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని లీలమ్మకు తెలియదు. కొంగుతో తన కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో అతని మొహం తుడిచింది. తుడిచే కొద్దీ తడి అవుతూనే ఉంది.

"ఎంత ఉండె?" అన్నాడు.

లీలమ్మ అతని చెయ్యి తన ఒడిలోకి తీసుకుంది. వేళ్ల కొనల నుంచి మణికట్టు దాటి కొంచెం కిందిదాకా చూపుడు వేలితో మెల్లగా గీసింది.

"గింత," అంది.

అతను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పొద్దు వాలేదాకా అలాగే, వెల్లకిలా, ఆమె ఒడిలోనే ఉంచాడు.