దిబ్బకు దారి చూపిందెవరు?

లైట్లు ఆర్పేసిన లారీ తడి ఇసుక మీద దూసుకుపోతోంది.

వెనకాలే బైక్. బైక్ మీద తీరం గార్డు. ఆమె వీపున తుపాకీ.

"ఆపరా!"

ఆపడం లేదు.

చీకటి పడుతోంది. పోటు మొదలైంది... అలలు టైర్లని తాకుతున్నాయి.

లారీ నిండా ఇసుక. చివరి దిబ్బది. ఆ దిబ్బ కూడా పోతే పోటు నీళ్ళు నేరుగా జాలరుల వీధిలోకి వస్తాయి. వీధిలో మొదటి ఇల్లు ఆమెదే.

కోపం రావాలి. రావడం లేదు.

ధబ్!

లారీ ముందు చక్రాలు ఇసుకలోకి దిగిపోయాయి!

నిన్న ఈ ఇసుక దొంగలు తవ్విన గొయ్యే. పోటు దాన్ని వదులు ఇసుకతో నింపి, పైన చదును చేసి పోయింది. తవ్వినవాడే మర్చిపోయాడు.

క్యాబిన్‌లోకి నీళ్ళు... డ్రైవర్ కిటికీలోంచి సగం బయటికొచ్చి ఇరుక్కుపోయాడు. వాణ్ణి అందరూ పీత అంటారు.

"అక్కా! తాడు! తాడు వెయ్యి!"

"నా డ్యూటీ టైములు మీకెవరు చెప్తున్నారు?"

"ముందు లాగు తల్లీ! ఇంటర్వ్యూ తర్వాత!"

అల వచ్చి వాడి నోట్లో కొట్టింది. ఉమ్మాడు.

"పేరు."

"చెప్తే తాడు వదిలేస్తావ్!"

"చెప్పకపోతే అసలు వెయ్యను."

ఇంకో అల... గడ్డం దాకా!

"మీ అమ్మ!"

"తిట్టకు. పేరు చెప్పు."

"తిట్టు కాదక్కా, ఒట్టు! మీ అమ్మే! ఇప్పుడు కూడా దిబ్బ దగ్గరే ఉంది... రెండో లారీతో!"

ఆమె తాడు విసిరింది. రెండో కొస బైక్‌కి కట్టి లాగింది. వాడు ఒడ్డున పడి దగ్గుతున్నాడు.

తాడు విప్పి బైక్ తిప్పింది. ఏమీ అనిపించడం లేదు. చెవుల్లో ఇంజన్ శబ్దం... అంతే.

దిబ్బ.

లారీ. పారలు. ముందు టార్చి పట్టుకుని అమ్మ!

"జరగమ్మా."

"జరగను."

"ఈ దిబ్బ పోతే వీధంతా పోతుంది."

"పోనీ! అల్లుడి పడవ తిరిగి రాలేదు. నువ్వు ఏడవలేదు. ఇన్నేళ్ళుగా రాత్రిళ్ళు తలుపు గడియ కూడా పెట్టనివ్వవు. ఆ ఇల్లు కొట్టుకుపోతే తప్ప నువ్వీ సముద్రాన్ని వదలవే!"

"అందుకని అందరి ఇళ్ళూనా?"

"నాకున్నది ఒక్క కూతురే!"

తుపాకీ లేచింది. పారలు ఆగిపోయాయి.

"కాల్చవే! అప్పుడైనా ఏడుస్తావేమో చూస్తా."

చెయ్యి వణకడం లేదు. వణికితే బాగుండు.

ఢాం!

టైరు బుస్సుమంది. లారీ పక్కకి ఒరిగింది. పారలు పడేసి అందరూ పరుగు!

అమ్మ మాత్రం కదల్లేదు. తనే చేతులు ముందుకి చాపింది. బేడీలు పడ్డాయి.

"స్టేషన్ ఈ సముద్రానికి దూరంగా, ఊళ్ళోనే కదా..." అమ్మ గొంతులో ఆశ. "నువ్వూ వస్తావుగా నాతో? ఇక్కణ్ణుంచి కదులుతావుగా?"

గార్డు ఫోన్ తీసింది.

"సార్, జీపు పంపండి. దిబ్బ దగ్గర ఒకరు దొరికారు."

"సరే. నువ్వు కూడా ఎక్కుతావా?"

ఆమె అమ్మ ముఖంలోకి చూసింది.

"లేదు సార్. ఆవిడొక్కరే."