ఎదురు స్టూడియోలో నవ్వు

పొద్దున్నే షట్టరు ఎత్తి, షోకేసు అద్దం గుడ్డతో తుడవడం ఫోటో స్టూడియో ఆయనకి అలవాటు. ఆ పని అయ్యేసరికి వెనక ఇంట్లోంచి భార్య కాఫీ తెచ్చేది. ఆ రోజు కాఫీ రాలేదు. ఆవిడే వచ్చింది, చెప్పులేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని.

"పొద్దున్నే ఎక్కడికి?"

"పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి. ఇవాళ క్లిప్పులు తీసేస్తున్నారు."

"హమ్మయ్య, పీడ వదిలింది! త్వరగా వచ్చెయ్, ఆల్బం టచింగు అలాగే ఉంది."

"త్వరగా రాను. అటునుంచటే ఫోటో తీయించుకోవాలి."

"చోద్యం కాకపోతే, మన స్టూడియో పెట్టుకుని బయట ఫోటో ఏంటి?"

"ఎంతో దూరం కాదులెండి. ఎదురు స్టూడియోలోనే."

ఆయన చేతిలో గుడ్డ అద్దం మీదే ఆగిపోయింది.

ఎదురు స్టూడియో అతన్ని అందరూ 'మెరుపు' అంటారు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. వచ్చి వచ్చి సరిగ్గా ఎదురుగానే కొట్టు తెరిచాడని ఈయన అతనితో మాట్లాడ్డం మానేశాడు. ఆ వైపు నడవడం కూడా మానేశాడు. అలాంటి కొట్లో సొంత పెళ్ళాం ఫోటో తీయించుకోవడమంటే నడివీధిలో తలతీసినంత పని. ఆవిడకి కావలసింది కూడా అదే.

వీధంతా ఆవిడని స్టూడియోమ్మ అంటారు. ఆయన తీసిన ఫోటోలకి టచింగు చేసేది ఆవిడే. మొటిమలు తుడుస్తుంది, మూసుకుపోయిన కళ్ళు తెరిపిస్తుంది, ఎగుడుదిగుడు పళ్ళని వరసలో నిలబెడుతుంది. తన పళ్ళు మాత్రం సీటు కోసం తోసుకునే జనంలా ఒకదాని మీదొకటి ఎక్కి ఉండేవి. వచ్చినవాళ్ళందరితో "నవ్వండి, ఇంకాస్త, ఆఁ అద్గదీ!" అనే మొగుడు, పెళ్ళాం వంతు వచ్చేసరికి "నువ్వు పెదవులు కలుపు, ఫోటో పాడవుతుంది" అనేవాడు. పెళ్ళయిన నాటినుంచీ అదే మాట. ఆవిడ పంటిబిగువున భరిస్తూ వచ్చింది.

భరించలేనిది ఒక్కటి జరిగింది. షోకేసులో పెట్టడానికి తామిద్దరూ, కూతురూ కలిసి ఫోటో దిగారు. టైమరు టిక్కుమనే వేళకి కూతురు ఏదో జోకేస్తే ముగ్గురూ పగలబడి నవ్వారు. తీరా ఫ్రేము కట్టి పెట్టాక చూస్తే ఆయన నవ్వుతున్నాడు, కూతురు నవ్వుతోంది, ఆవిడ నోరు మూసుకుని ఉంది. దగ్గరికెళ్ళి చూసింది. పెదవులు తనవే, కానీ ఆనాటివి కావు. ఏదో పాత పాస్‌పోర్టు ఫోటోలోంచి మూసిన పెదవులు కోసి తెచ్చి అతికించాడు. గడ్డం కింద నీడ కలవలేదు. ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషికి ఆ అతుకు కనపడకుండా ఎలా ఉంటుంది?

ఆ వారమే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. అబద్ధమెందుకు, వెళ్ళింది పళ్ళ కోసం కాదు, పగ కోసం.

"ఈ వయసులో పళ్ళు కదులుతాయా డాక్టరమ్మా?"

"చిగుళ్ళు, ఎముక బాగుంటే వయసుతో పనేముందమ్మా? పిల్లల్లో కంటే కాస్త నిదానం, అంతే. అయినా మీకు అందం మాటెలా ఉన్నా ఆరోగ్యానికే అవసరం. ఈ ఇరుకు సందుల్లోకి బ్రష్షు పోవట్లేదు, చిగుళ్ళు వాస్తున్నాయి చూడండి."

క్లిప్పులు వేయించుకుని ఇంటికి రాగానే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "నలభై దాటాక నోటికి కంచె ఏంటే? నలుగురూ నవ్విపోతారు!"

"నవ్విన నాపచేనే పండుతుంది లెండి" అంది ఆవిడ.

తీగ బిగించిన ప్రతిసారీ దవడలు సలిపేవి. పెదవి లోపల ఒరుసుకుపోయేది. మెత్తటి తిండి తిని ఊరుకునేది. మెల్లగా బ్రష్షు మీద నెత్తురు కనపడ్డం మానేసింది. ఒకే పక్క నమిలే అవస్థ పోయింది, తెల్లారేసరికి పట్టేసే దవడ నొప్పీ పోయింది. పగ కోసం నాటిన చెట్టు ఇలాంటి కాయలు కూడా కాస్తుందని ఆవిడ అనుకోలేదు. అలాగని పగ చల్లారిందా? మొగుడు షోకేసు తుడిచినప్పుడల్లా ఆ అతుకు పెదవులు కొత్తగా మెరిసేవి.

ఈ పొద్దున అమ్మానాన్నల మాటలు విని కూతురు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, అంత పని చెయ్యకే! నాన్న పరువు పోతుంది!"

"నా నోరు కోసి అతికించినప్పుడు నా పరువు ఎక్కడికెళ్ళిందే?"

"నీ మంచికే కదా చేశాను!" ఆయన గొంతు పెంచాడు. "వీధిలో ఎవరూ నిన్ను చూసి నవ్వకూడదని..."

"వీధిలో ఎవరూ నవ్వలేదండీ. ఇన్నేళ్ళలో నా పళ్ళ గురించి పరాయివాళ్ళు ఒక్క మాటన్నది లేదు. అన్నది మీరొక్కరే."

ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

క్లిప్పులు ఊడాక నాలుకతో తడుముకుంటే పళ్ళు నున్నగా, వరసగా తగిలాయి. దారిలో ఆపిల్ పండు కొని ముందు పళ్ళతో కసుక్కున కొరికింది. తిన్నగా మెరుపు కొట్లోకి నడిచింది.

"అక్కా, మీరా?" అతను కంగారుగా లేచాడు. "బావగారికి తెలుసా?"

"చూస్తూనే ఉన్నారు. తలుపు తెరిచే ఉంచు."

"ఎంత సైజు కావాలి?"

"నీ షోకేసు ఎంతుంటే అంత."

స్టూలు మీద కూర్చుంది. లైట్లు వెలిగాయి. "నవ్వండక్కా" అన్నాడు మెరుపు. ఆవిడ నవ్వబోయింది. పెదవులు వాటంతటవే కలిసిపోయాయి. "మరోసారి, హాయిగా!" ఈసారి చెయ్యి కూడా లేచి నోటికి అడ్డం పడింది. పళ్ళన్నీ వరసలోకి వచ్చాయి కానీ, పెదవులు ఇంకా మొగుడి మాటే వింటున్నాయి. పగ తీర్చుకోవడానికి వచ్చి కూడా ఆయన చెప్పినట్టే చేస్తున్నానే అని ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

గుమ్మంలో అలికిడైంది. గుడ్డ చేతిలో అలాగే పట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి రోడ్డు దాటి వచ్చాడాయన.

"నేనే చేశానిది" అన్నాడు. "చెప్పి చెప్పి నీ నవ్వు నేనే మింగేశాను. తప్పయిపోయింది. క్షమించు."

"క్షమాపణ తర్వాత. ముందు ఈ స్టూలు మీద కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని కెమెరా వెనక్కి వెళ్ళింది. భార్యని మంచి చేసుకుందామని ఆయన నవ్వబోయాడు.

"నవ్వకండి. పెదవులు కలపండి."

కలిపాడు.

"ఇంకా గట్టిగా. ఫోటో పాడవుతుంది."

"ఇన్నేళ్ళూ నువ్వు ఇలాగే..."

"మాట్లాడకండి, కదిలిపోతుంది."

ఆయన పెదవులు బిగించాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని ఆపుకోబోతే ముక్కుపుటాలు ఎగిరాయి, మీసం ఒకవైపే అదిరింది. కెమెరాలోంచి ఆ మొహం చూసేసరికి స్టూడియోమ్మకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, నోరారా, కళ్ళలో నీళ్ళతోనే విరగబడి నవ్వింది. చెయ్యి అడ్డం రాలేదు. పక్కనుంచి మెరుపు చేతిలోని రెండో కెమెరా క్లిక్కుమంది.

మర్నాటికల్లా ఆ నవ్వు ఎదురు షోకేసు నిండా ఉంది. ఈ షోకేసులోంచి అతుకుల ఫోటోని ఆయనే తీసేశాడు.

"నీ నవ్వు ఫోటో అడిగి తెచ్చి ఇక్కడ పెట్టుకుందామే" అని బతిమాలాడు.

"కుదరదు. అక్కడే ఉంటుంది. రోజూ చూడండి, అదే మీకు శిక్ష. మీ కెమెరా ముందు ఎప్పుడు నవ్వాలో నేను చెప్తాను."

ఇప్పుడాయన పొద్దున్నే తన అద్దం తుడుచుకుని, అదే గుడ్డ పట్టుకుని రోడ్డు దాటి, ఎదురు షోకేసు కూడా తుడుస్తున్నాడు. భార్య కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది.

"ఆ కుడివైపు మూల మరక అలాగే ఉందండీ!" అని అక్కణ్ణించే కేకేస్తుంది, నోరారా నవ్వుతూ.