ఐ వాజ్ ఈటింగ్

రేపల్లెలో చర్చి వెనక వీధిలో, తన ఇంటి ముందుగదిలోనే నీరజ స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేది. రెండు రోజులు తెనాలిలో అక్కవాళ్లింట్లో ఉండి, ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చింది. సాయంత్రం వాన దంచికొడుతుంటే క్లాసుకి హైమావతి ఒక్కతే వచ్చి కూర్చుంది. చేపలు అమ్ముకునే ఇంటి పిల్ల. ఆ నీచు వాసన నీరజకు అలవాటే. కానీ ఇవాళ్టి వాసన వేరు. తడిసిన ఎండుచేపల మూటకి పురుగు పట్టినట్టుంది.

ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని పాఠం ఎత్తుకుంది.

"పాస్ట్ కంటిన్యుయస్ గుర్తుందా? ఒక పని జరుగుతుండగా ఇంకోటి అడ్డొస్తుంది. ఏదీ, ఒక వాక్యం చెప్పు."

"ఐ వాజ్ ఈటింగ్..."

"తర్వాత? వెన్... అమ్మ పిలిచిందా? కరెంటు పోయిందా?"

హైమావతి దవడలు ఆడుతున్నాయి. చప్... చప్... పెదవి చివర నుంచి చిక్కటి నల్లనీళ్లు కారి గడ్డం మీద ఆగాయి.

"ఏదీ అడ్డు రాకపోతేనో మేడమ్? ఆ పని ఆగదాండి?"

మాట వినిపించింది గానీ, ఆ పిల్ల పెదవులు విడలేదు.

"ఏంటది, క్లాసులో తినడం! ఉమ్మెయ్ ముందు!" అంటూ పాత పేపరు చాపింది.

హైమావతి ఉమ్మింది.

తెల్లటి పురుగులు. గుప్పెడు. ఒకదాని మీద ఒకటి మెసలుతున్నాయి. వాటి మధ్య మెత్తగా నమిలిన మాంసం ముక్క. తెరిచిన నోట్లో... నాలుక లేదు.

"సారీ మేడమ్," అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

నీరజ బయటికి పరిగెత్తింది. మెట్ల మీదే వాంతి చేసుకుంది. పక్కింటి సుగుణమ్మ వచ్చి పట్టుకుంది. ఇద్దరూ లోపలికి తొంగి చూశారు. గదిలో ఎవరూ లేరు. కుర్చీ నిండా పచ్చ ఈగలు.

నీరజ హైమావతి వాళ్లింటికి ఫోన్ చేసింది. తల్లి మాణిక్యమ్మ ఎత్తింది.

"నిన్న పొద్దున పడవ తిరగబడిందండి... మా హైమ మునిగిపోయింది. ఇందాకే దొరికింది, ఇంటికి తెచ్చారు."

నీరజ తల తిప్పి కుర్చీ మీది ఈగల వంక చూసింది.

అవతల మాణిక్యమ్మ గుసగుసగా అంది.

"టీచరమ్మగారూ... గుడ్డ పెట్టి దవడ కట్టామండి. గట్టిగానే కట్టాం. అయినా... నములుతానే ఉంది."