వస్తాదు గొంతు

"పూ... పూడ్..." అంటూ వస్తాదు బొజ్జయ్య ఎడమ చేత్తో జావ గిన్నెను తోసేశాడు. ఎర్రమ్మ గుండె ఝల్లుమంది! గిన్నె సొట్టపోయినందుకు కాదు. ఆ ముక్కకు అర్థం లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు. పెరట్లో ఉన్న కుస్తీ గోదాను పూడ్చెయ్యమంటున్నాడు!

మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆయనకు కుడి చెయ్యీ కాలూ మాటా పడిపోయాయి. భద్రాచలం దవాఖానాలో పదిహేను రోజులుండి వచ్చాక చెయ్యీ కాలూ కాస్త కదిలాయి గానీ మాట ముద్దముద్దగానే మిగిలిపోయింది. కొడుక్కి అర్థం కాదు, శిష్యులకు అర్థం కాదు... భార్యకు మాత్రం పొల్లుపోకుండా అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళు ఆయన నోరు తెరవకముందే అన్నీ అందించిన మనిషికి సగం నోరు తెరిస్తే ఎక్కువే కదా!

పినపాక పక్కన ఆ తాలీంను, అంటే కుస్తీ బడిని, బొజ్జయ్య తాత నిజాం కాలంలో పెట్టాడు. వరంగల్లులో ఓ పైల్వాన్ దగ్గర కుస్తీ నేర్చుకొచ్చి, అడవి అంచున ఎర్రమట్టి జల్లించి, మజ్జిగా పసుపూ నువ్వులనూనే కలిపి గోదా తయారు చేశాడట. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బొజ్జయ్యకు వచ్చింది. పట్ల పేర్లు ఇప్పటికీ ఉర్దూలోనే... కలాజంగ్, ఢాక్, ధోబీ పఛాడ్! మణుగూరు గనుల్లో షిఫ్టు దిగిన కుర్రాళ్ళు వచ్చి ఆ మట్టిలో పొర్లేవాళ్ళు. ఆ మట్టి జల్లించిందీ, మజ్జిగ చిలికిందీ, పది మంది లంగోటాలు ఉతికిందీ ఎర్రమ్మే. గోదాలో మాత్రం ఆడది అడుగు పెట్టకూడదు, అది ఆంజనేయుడి చోటు! ఆమె లంగోటాలు ఉతకడానికి ఆ స్వామికేమీ అభ్యంతరం లేదు.

ఇంతకీ నిప్పు పెట్టింది జాతర పెద్ద పిచ్చయ్య. జాతర కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెం పందెంతో ముగుస్తాయి. ఆఖరి పందెంలో ప్రతి పైల్వానుకూ గోదా ఒడ్డున వస్తాదు నిలబడి పట్లు పలకాలి. అది ఆనవాయితీ. "పలికే వస్తాదు లేని తాలీంను ఎట్ల పిలుస్తం వదినా? ఇగ మీరు ఊకోండ్రి" అని పొద్దున్నే చెప్పి పోయాడు. అప్పటినుంచి బొజ్జయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. గనిలో డంపర్ నడిపే కొడుకు రాజు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఎర్రమ్మ సొట్ట గిన్నెలో మళ్ళీ జావ పోసింది. "పూడుస్త తియ్! మట్టి జల్లించింది నేనే, పూడ్చేది గూడ నేనే. కానీ జాతరైనంక. అందాక తాగు!"

జాతరనాడు మొగుణ్ణి భుజం పట్టుకుని గోదా ఒడ్డుకు నడిపించుకొచ్చింది. పిచ్చయ్య అడ్డం వచ్చాడు. "ఏంది వదినా గిది? ఆడమనిషి గోదా కాడనా!"

"గోదాల నేను కాలు పెట్టను పిచ్చయ్యా. మాట ఆయనది, నేను మైకు సెట్టు అనుకో. మైకుకు ఆడా మగా ఉంటదా?"

జనం గొల్లుమన్నారు. ఎదుటి పక్షం నేలకొండపల్లి వస్తాదు రామ్‌సింగ్ కూడా నవ్వి, "రానియ్యన్నా! బొజ్జన్న లేకుంట గెలిస్తే నాకు మాత్రం ఏం తృప్తి?" అన్నాడు. పిచ్చయ్య తప్పుకున్నాడు.

రామ్‌సింగ్ శిష్యుడు జోయెల్ తాటిమొద్దంత మనిషి. ఆఖరి పందెంలో దిగిన రాజు అతని ముందు సగం కూడా లేడు. బొజ్జయ్య గొణుగుతుంటే ఎర్రమ్మ కొంగు నడుముకు చుట్టి అరుస్తోంది. "మెడ కాసుకో! ఎడమకు జరుగు! ఢాక్ ఎయ్!" మొదట్లో నవ్విన జనం మెల్లగా నవ్వడం మానేశారు. పావుగంటకు రాజు ఆయాసంతో ఊగిపోతున్నాడు. జోయెల్ మీదపడి నొక్కుతున్నాడు... బొజ్జయ్య కళ్ళు చెమర్చాయి. "ని... నిల... సమ..." అన్నాడు. నిలబడి కాచుకో, సమంగా ముగిస్తే పరువు దక్కుతుంది అని!

ఎర్రమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. జోయెల్ నొక్కినప్పుడల్లా మడమలు లేస్తున్నాయి! తడిసిన దుప్పటిని బండమీద ఉతికే మనిషికి తెలియదా, బరువు ముందుకు వాలిన క్షణంలో నడుము తిప్పితే అదే ఎగిరి వస్తుందని? వంటింటి కిటికీలోంచి ముప్పై ఏళ్ళు చూసిన కుస్తీ అంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది!

"ధోబీ పఛాడ్ రా రాజా! ఎయ్! జల్దీ!"

తండ్రి మాటే అనుకుని రాజు వీపు తిప్పాడు, జోయెల్ చేతిని భుజం మీదికి లాగాడు, వంగాడు... తాటిమొద్దు గాలిలో తిరిగి వెల్లకిలా మట్టిలో పడింది! చిత్తు! డప్పులు దద్దరిల్లాయి!

రాజు వెండి కడెంతో పరిగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళమీద పడ్డాడు. "ఏం పట్టు పలికినవే నాయినా! నాకు తోచనే లేదు!" జనమంతా బొజ్జయ్య బుర్రను పొగుడుతున్నారు. ఎర్రమ్మ మాత్రం తల దించుకుంది. వెయ్యి మంది ముందు మొగుడి నోటితో తన మాట పలికింది! "తప్పయిందయ్యా..." అంది చిన్నగా.

బొజ్జయ్య ఏదో గొణిగాడు. "ఏమంటుండే అమ్మా?" అన్నాడు రాజు.

"బాగ ఆడినవంటుండు."

బొజ్జయ్య కోపంగా తల అడ్డంగా ఊపాడు. మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు వణికాయి... అందరికీ అర్థమయ్యేలా ఒక్కో మాటా బయటికి ఈడ్చాడు. "అది... మీ... అమ్మ... పట్టు!"

బొజ్జయ్య కాలు ఈడ్చుకుంటూ గోదాలో దిగి, ఎడమ చేత్తో గుప్పెడు మట్టి తీసి ఎర్రమ్మ నుదుట పులిమాడు. తాలీంలో కొత్తగా చేరిన శిష్యుడికి వస్తాదు చేసేది అదే! తర్వాత చెయ్యి పట్టి ఆమెను లోపలికి దింపాడు. పిచ్చయ్య అడ్డం రాబోయి, జనం మొహాలు చూసి, పక్కకు జరిగాడు. ముందు చప్పట్లు కొట్టింది రామ్‌సింగే!

ముప్పై ఏళ్ళు జల్లించిన ఎర్రమట్టి లాంటిదే... అది కాళ్ళ కింద ఇంత మెత్తగా ఉంటుందని ఎర్రమ్మకు తెలియనే తెలియదు. కన్నీళ్ళూ మట్టీ కలిసి చెంపల మీదికి జారుతుంటే నవ్వింది.

"రేపు ఎన్నింటికి రావాలె వస్తాదూ?"

"నాలు... గింటికి!"

"చూసిన్రా అందరు! పని చెప్పేకాడ మాట ఎంత సాఫుగ వస్తుందో!"