మార్కండేయుడి కంట్లో ఫోకస్

“ముఖం స్పష్టంగా పడాలి, ఋషికేశ్! మసకబడితే మన రికార్డుల్లోని ఫొటోతో మ్యాచ్ కాదు. మ్యాచ్ కాకపోతే అరెస్ట్ లేదు. వాడు దేశం దాటి అసలు సంగతి తెలుసుకుంటే ఆరతి బతకదు.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ హెచ్చరించాడు.

సోలాపూర్, భవాని పేట్. మల్లప్ప పవర్‌లూమ్ షెడ్డులో చాదర్ దుప్పట్ల కట్టల వెనక నక్కాడు ఏజెంట్ ఋషికేశ్. వేషం, కేటలాగ్ ఫొటోగ్రాఫర్. చేతిలో హెడ్డాఫీసు పంపిన కొత్త మిర్రర్‌లెస్ కెమెరా. చప్పుడు చెయ్యదు. కన్ను కనిపిస్తే చాలు, దానంతటదే ఫోకస్ పట్టేస్తుంది.

పట్టేసింది. గోడకి వేలాడుతున్న నేత పటంలోని మార్కండేయ మహర్షి కంటిని!

పదడుగుల అవతల డబుల్ ఏజెంట్ ఆరతి, పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఆమె ఇస్తున్న నకిలీ పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాచిన విదేశీ గూఢచారి పక్కకి తిరిగి ఉన్నాడు. కెమెరాలో ఆకుపచ్చ ఫోకస్ గడి వాడి దాకా వెళ్లి మళ్లీ మహర్షి మీదకే దూకింది.

“ఛీ, ఏం కెమెరారా ఇది!” పళ్లు నూరాడు ఋషికేశ్. కంటిని పట్టే ఆ ఐ డిటెక్షన్ ఆపుదామంటే మెనూకి టెక్ డివిజన్ పాస్‌వర్డ్! అతనికి ఏడుపొక్కటే తక్కువ.

సంచిలోంచి తన పాత డీఎస్ఎల్ఆర్ లాగాడు. అద్దం కింద దానికి ఫోకస్ సెన్సర్ వేరే ఉంటుంది. మధ్య పాయింట్ ఎక్కడ పెడితే అక్కడే ఫోకస్ పడుతుంది. కాకపోతే క్లిక్ చేసినప్పుడల్లా అద్దం లేచి ‘టక్’ మంటుంది. నడుస్తున్న లూమ్ మోతలోనే అది వినపడకుండా పోతుంది.

“కాకా, ఏమన్న గానీ, లూమ్ బంద్ చెయ్యకు!” పక్కనే మగ్గం నడుపుతున్న మల్లప్ప చెవిలో అన్నాడు ఋషికేశ్.

“గట్లనే బేటా,” అన్నాడు మల్లప్ప.

ఋషికేశ్ మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే లూమ్ ఆగింది.

టక్!

గూఢచారి గిరుక్కున తిరిగాడు. చేతిలో పిస్టల్. ముఖం పూర్తిగా కెమెరా వైపు. ఋషికేశ్ మధ్య పాయింట్ వాడి కంటి మీద పెట్టి మళ్లీ నొక్కాడు. ఫొటో కేబుల్ గుండా ఫోన్‌లోకి, అక్కడినుంచి చీఫ్‌కి వెళ్లింది.

కెమెరా చూడగానే వాడికి మోసం అర్థమై, పిస్టల్ ఆరతి వైపు లేచింది.

“మ్యాచ్! పట్టుకోండి!” అందరి ఇయర్‌పీస్‌లలో చీఫ్ అరిచాడు.

ఆరతి వాడి మణికట్టు మీద తన్నింది. తూటా పైకప్పు రేకులో దిగింది. గేటు దగ్గర హమాలీ వేషాల్లో ఉన్న పోలీసులు వచ్చి వాడి మీద పడ్డారు.

ఋషికేశ్‌కి ఒళ్లు మండిపోయింది. “చెప్పిన గదా కాకా! ఎందుకు ఆపినవ్? ఆమె పానం పోతుండె!”

మల్లప్ప తలెత్తలేదు. “పోగు తెగింది బేటా. గట్లనే నడిపిస్తే చాదర్ ఖరాబ్ గాదా? గా పట్టుకున్నాయన్ని జర పక్కకు నిలబెట్టుండ్రి, నాకు వెలుగు పడ్తలేదు.”