బాండీ దించేరాండీ?

"మురళీమోహన్ గారండీ... ఓ మురళీమోహన్ గారండోయ్..."

వీధి మొదట్నుంచి కేక. గొంతు కొరియరు బాబ్జీది. అప్పటికి మేం నలుగురం వసారాలో కూర్చుని ప్రహరీ గోడ మీద పెట్టిన అరిటాకు వంకే చూస్తున్నాం. మా చెల్లెలు రామలక్ష్మి పోయి ఏడాది. ఆవిడకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టేం. కాకి వచ్చి ముడితేగానీ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. రాజోలులో కాకులకి కరువా అండీ, కొబ్బరిచెట్టుకో మంద ఉంటుంది. ఆ రోజు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. మధ్యాహ్నం దాటిపోయింది. అన్నం చల్లారి గట్టిపడింది. నా కడుపులో పేగులు గోల పెడుతున్నాయి.

బాబ్జీ ఆటో వచ్చేలోగా మీకు ఈ ఇంటి సంగతి చెప్పేస్తాను.

నా పేరు మంగరాజు. అల్లవరంలో రొయ్యల మేత కొట్టు నాది. రామలక్ష్మి నాకు ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు మస్కట్‌లో పోయేక, కూతురు కావ్యని పెట్టుకుని ఈ మరిది మురళీమోహన్ ఇంట్లోనే ఉండిపోయింది. పెరట్లో పొయ్యి వేసుకుని రొయ్యల పచ్చడి పట్టేది. ఆవిడ రొయ్య వేపుతుంటే వీధిలో వెళ్ళే సైకిళ్ళు ఆగేవంటే నమ్మండి. ఆ రుచి చూసి మురళీమోహన్, వాళ్ళావిడ సత్యదుర్గ కలిసి పచ్చడిని ఆన్‌లైన్లో పెట్టేరు.

మొదట్లో ఫోన్లో జవాబులు కొట్టుకోవడంతోనే అతనికి రోజు గడిచిపోయేది. బెంగళూరాయన ఇంగ్లీషులో అడుగుతాడు, నాగపూరావిడ హిందీలో అడుగుతుంది. తర్వాత ఎవరో చెప్తే ఏఐ పెట్టించేడు. నిజం చెప్పొద్దూ, నాకు భలే ముచ్చటేసింది. మసిగోడ ముందు సీసా పెట్టి ఫొటో తీస్తే, మసంతా తుడిచేసి వెనకాల ఇత్తడి పళ్ళెం, కరివేపాకు రెమ్మ అమర్చిపెట్టేది. ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే మర్యాదగా జవాబు చెప్పేది. "వచ్చే వారం ఉసిరి పచ్చడి తగ్గించి రొయ్యల పచ్చడి ఎక్కువ పెట్టండి" అని ముందే హెచ్చరించేది. అది చెప్పినట్టే అమ్ముడయ్యేది కూడానూ. రోజంతా పట్టే పని కాఫీ తాగేలోగా అయిపోయేది. ఇంటి ముందు కొరియరు ఆటో ఆగని రోజు లేదు.

ఫోను దగ్గర పని తగ్గింది. పొయ్యి దగ్గర పెరిగింది. వేపేది మాత్రం మా చెల్లెలొక్కతే.

ఆర్డర్లు ముంచుకొచ్చిన ఒక రోజు గుండెల్లో నొప్పంది. "ఈ బాండీ దించేసి ఆసుపత్రికి వెళ్దాం వదినా" అన్నాడు మురళీమోహన్. అది దింపేక ఇంకోటి ఎక్కించేరు. ఆ తర్వాత మరోటి. పొయ్యి పక్కనే కూలబడిపోయింది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కావ్య గుమ్మంలోంచి చూసింది. బాబాయీ పిన్నీ పరుగెత్తుకొచ్చేరట. వచ్చి ముందు బాండీ దించేరట, సరుకు మాడిపోతుందని. ఆ తర్వాత మనిషిని లేపబోయేరు. అప్పటికే ప్రాణం పోయింది.

పెద్దకర్మ నాడు వశిష్ఠ గోదారి ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. ఎంతసేపు చూసినా ముట్టలేదు. ఆఖరికి మురళీమోహన్ చేతులు జోడించి, "నీ పొయ్యీ, నీ పచ్చళ్ళ కొట్టూ నీ కూతురికే ఇస్తాను వదినా" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే కాకి వాలింది. అక్కడున్న వాళ్ళందరం విన్నాం, చూసేం.

నెల తిరక్కుండా, "ఈ మసి నీకెందుకమ్మా, మీ మావయ్య ఇంట్లో ఉండి చదువుకో" అని కావ్య బట్టలు సర్దించేసేడు. పొయ్యి దగ్గర కూలికి మనుషుల్ని పెట్టుకున్నాడు. ఇంకో పని కూడా చేసేడండోయ్. మా చెల్లెలు బతికుండగా కొన్నవాళ్ళకి వాట్సాప్‌లో మాట్లాడి పంపిన వాయిస్ మెసేజీలన్నీ పోగేసి ఏఐకి ఇచ్చేడు. అది ఆ గొంతు పట్టేసింది. పార్శిలు అందినవాళ్ళకి ఫోను వెళ్ళేది. "నమస్కారమండీ, రామలక్ష్మినండీ. పచ్చడి అందిందాండీ? నూనె పైకి తేలిందాండీ?" మనిషి లేదు, మాట ఉంది. అమ్మకాలు రెట్టింపు. ఒకసారి కావ్యకి కూడా పొరపాటున ఆ ఫోను వచ్చింది. పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు.

సరే, బాబ్జీ ఆటో గేటు ముందు ఆగింది. నిండా అట్టపెట్టెలు.

"ఏంటి బాబ్జీ, పొద్దున్నే కదా సరుకు పట్టుకెళ్ళేవు?" అన్నాడు మురళీమోహన్.

"ఇవ్వాల్టివి కాదండీ. ఈ వారం వెళ్ళినవన్నీ తిరిగొచ్చేసేయండి. హైదరాబాదువీ, విశాఖపట్నంవీ, అన్నీని. ఎవరూ పుచ్చుకోలేదంటండి."

"ఎందుకని?"

బాబ్జీ తల గోక్కున్నాడు. "పెద్దావిడ ఫోన్ చేసి తీసుకోవద్దని చెప్పేరంటండి. ఇంకేదో బాండీ దించేరా అని కూడా అడుగుతున్నారంటండి."

కావ్య తలెత్తి నా వంక చూసింది.

"మిషనన్నాక తప్పులు రావా ఏంటి" అని సత్యదుర్గ ఒక పెట్టె చింపింది. సీసా మూతకి సీలు వేసింది వేసినట్టే ఉంది. లోపల పచ్చడి లేదు. అడుగున ఇంత నూనె. గాజు మీద, లోపలి వైపున, అయిదు వేళ్ళతో కిందికి గీసిన చారలు.

రెండో పెట్టె చింపేం. అంతే. మూడోదీ అంతే.

మూత తీస్తే వాసన వచ్చింది. ఆవాలు మాడిన వాసన.

"నే వెళ్తానండీ, ఆయ్" అని బాబ్జీ సంతకం కూడా అడక్కుండా ఆటో తిప్పేసుకున్నాడు.

అప్పటికే మబ్బు కమ్మింది. కొబ్బరాకులు ఒకదాన్నొకటి రాసుకుంటున్న చప్పుడు తప్ప వీధిలో అలికిడి లేదు. టప్పున కరెంటు పోయింది. ఫ్యాను మెల్లిగా తిరిగి తిరిగి ఆగింది. ఆ నిశ్శబ్దంలో బల్ల మీదున్న మురళీమోహన్ ఫోను దానంతటదే వెలిగింది.

"నమస్కారమండీ... రామలక్ష్మినండీ."

సత్యదుర్గ చేతిలో సీసా కింద పెట్టేసింది.

"బాండీ దించేరాండీ?"

అతను ఫోను అందుకుని గబగబా నొక్కేడు. "సిగ్నలే లేదు బావగారూ. నెట్టూ లేదు. ఈ మాట దీనికి నేనెప్పుడూ నేర్పలేదు..." అంటూ ఫోను ఆపేసేడు. తెర నల్లబడింది.

సత్యదుర్గ నడుం దగ్గర దోపుకున్న ఫోన్లోంచి వచ్చింది ఈసారి. "దుర్గా... బాండీ దించేవా?"

ఆవిడ ఫోను విసిరేసింది. విసిరినచోట నేల మీదే మాట్లాడుతోంది. దాని వెనకాలే ఇంకో చప్పుడు. పెరట్లోంచి. సుయ్... సుయ్... నూనె కాగుతున్న చప్పుడు.

"పొయ్యి వెలిగించేరా ఎవరైనా?" అన్నాను.

"లేదన్నయ్య గారూ. ఇవాళ కూలోళ్ళని రావద్దన్నాం" అంది సత్యదుర్గ.

వెళ్ళేం. పొయ్యిలో నిప్పు లేదు. బూడిద తడిగా ఉంది. పైన బాండీలో నూనె మరుగుతోంది. పొగ కప్పు దాకా లేచింది. అంచున ఆవాలు నల్లగా మాడుతున్నాయి.

అలవాటు చూసేరా, ఎంత పని చేస్తుందో. సత్యదుర్గ ఎడం చెయ్యి దానంతటదే బాండీ చెవి మీదికి వెళ్ళిపోయింది, దించేద్దామని.

పట్టుకుంది.

వదల్లేకపోయింది.

అరవడానికి నోరు తెరిచింది, గాలి తప్ప మాట రాలేదు. చర్మం కాలుతున్న వాసన. బాండీ కదలడం లేదు. చెయ్యి రావడం లేదు. మురళీమోహన్ రెండడుగులు వేసి ఆగిపోయేడు. ఎందుకంటే చెవి పక్కనే చెప్పినట్టు వినపడింది, మా అందరికీ.

"మురళీ... ముందు ఏది దించుతావు?"

అతను మొగాడే, ఆ క్షణంలో చిన్నపిల్లాడిలా ఏడ్చేసేడు. "మనిషినే వదినా... మనిషినే..." అని పెళ్ళాన్ని రెండు చేతులతో వాటేసుకుని వెనక్కి లాగేడు. ఇద్దరూ కింద పడ్డారు. బాండీ అలాగే మాడుతోంది. దాని వంక చూడలేదు వాళ్ళు.

"ఆ రోజు ముందు బాండీయే దించేం అక్కా" అంది సత్యదుర్గ నేల మీంచే. "మేమే. ఇద్దరం. చూస్తూ చూస్తూ."

"పొయ్యి నీది కావ్యా, కొట్టు నీది" అని మురళీమోహన్ పెరటి గది తాళంచెవీ, తన ఫోనూ కావ్య చేతిలో పెట్టేడు. "మీ అమ్మకి చెప్పమ్మా. నువ్వు చెప్తే వింటుంది."

నూనె చప్పుడు ఆగిపోయింది.

నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ లోపలెక్కడో హాయిగా కూడా ఉందండీ. ఏడాది పాటు గొంతులో ముల్లులా ఉన్నది దిగినట్టయింది. వాళ్ళిద్దరూ బూడిదలో కూర్చుని ఏడుస్తుంటే చూసేను. తనివితీరా చూసేను.

కావ్య మాత్రం ఏడవలేదు, నవ్వలేదు. కొంగు దోపుకుని, మాడిన నూనె పారబోసి బాండీ కడిగింది. పుల్లలు పేర్చి పొయ్యి వెలిగించింది. నేను అల్లవరం నుంచి తెచ్చిన రొయ్యలు ఉప్పూ పసుపూ పట్టించి నూనెలో వేసింది. కారం, ఆవపిండి, వెల్లుల్లి... ఎంత వెయ్యాలో ఎవర్నీ అడగలేదు. పక్కన ఎవరో చెప్తున్నట్టు మధ్యమధ్యలో ఆగేది, తలూపేది, మళ్ళీ వేసేది.

"ఎవరితోనమ్మా?" అన్నాను.

"అమ్మ కొలతలు మావయ్యా" అంది.

ఆ వేడి పచ్చడి ఒక ముద్దలో కలిపి తీసుకెళ్ళి గోడ మీది ఆకులో పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుందో లేదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, కాకి వాలింది. ముద్ద ముక్కున కరుచుకుంది.

మురళీమోహన్ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టేడు. "ముట్టింది బావగారూ. వదిన క్షమించేసింది. లేవండి, భోంచేద్దాం."

లాంతరు వెలిగించేం. చావడిలో ఎదురెదురుగా ఆకులు వేసేం. ఏడాది తర్వాత నలుగురం కలిసి భోజనానికి కూర్చున్నాం. అటు మురళీమోహన్, పక్కన కమిలిన చేతికి గుడ్డ చుట్టుకుని సత్యదుర్గ. ఇటు నేను. కావ్య అందరికీ వడ్డించి, తనూ నా పక్కన కూర్చుంది. వేడన్నం, నెయ్యి, ఎర్రగా నిగనిగలాడే రొయ్యల పచ్చడి. ఆ వాసనకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. అచ్చం ఆవిడ బతికున్నప్పటి వాసన.

అన్నం కలుపుతూ తలెత్తేను. నాకెదురుగా గుమ్మం. గుమ్మంలోంచి గోడ. గోడ మీద కాకి ఇంకా ఉంది.

ముద్ద ముక్కునే ఉంది. మింగలేదు. లోపలికే చూస్తోంది.

నా చొక్కా జేబులో ఫోను వణికింది. నాది పాత కీప్యాడ్ ఫోనండీ. దానికి నెట్టు లేదు, ఏఐ లేదు. చార్జింగు పొద్దున్నే అయిపోయి చచ్చిపడుంది. తీసి చూస్తే తెర నల్లగానే ఉంది. ఎందుకో తెలీదు, చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అన్నయ్యా... నువ్వూ కావ్యా ఇంకా ముట్టకండి."

పక్కకి చూసేను. కావ్య ఆకులో చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదుటివాళ్ళ వంకే చూస్తూ కూర్చుంది.

చెబుదామని నోరు తెరిచేను. తెరిచేను... మాట రాలేదు.

మురళీమోహన్ మొదటి ముద్ద మింగి కళ్ళు మూసుకున్నాడు. "అచ్చం వదిన చెయ్యే" అన్నాడు. సత్యదుర్గ తలూపి రెండో ముద్ద కలుపుకుంది.